పాత సీసపు రౌతులు: రంగు తీసేయాలా, ఉంచాలా?

డెర్బీ_తెనాలి:
నమస్కారం అండీ. మాది తెనాలి. ఎనిమిదేళ్లుగా ఇంగ్లాండులోని డెర్బీలో ఉంటున్నాం. మా పక్కింటి పెద్దాయన మార్చిలో ఇల్లు ఖాళీ చేసి వృద్ధాశ్రమానికి వెళ్తూ మా అబ్బాయి చేతిలో ఒక బిస్కెట్ల డబ్బా పెట్టారు. తెరిస్తే పాత పేపర్ ముక్కల్లో చుట్టిన 18 సీసపు బొమ్మలు. నెపోలియన్ కాలపు ఫ్రెంచి క్యురాసియర్లు, అంటే ఉక్కు కవచం తొడుక్కుని పెద్ద గుర్రాల మీద వచ్చే రౌతులు. 1970లలో కొన్నారట. హించ్‌క్లిఫ్ అనే కంపెనీ వాళ్ల 25 మిల్లీమీటర్ల సైజు బొమ్మలు. రంగులన్నీ ఆయనే హంబ్రోల్ కంపెనీ ఎనామెల్ పెయింట్‌తో వేసుకున్నారు.

పరిస్థితి బాగాలేదు. మూడు గుర్రాలకు కాళ్లు డెక్క పైన విరిగాయి. ఐదు కత్తులు సగమే మిగిలాయి. ఇద్దరు రౌతులు జీను మీంచి ఊడిపోయారు. రెండు గుర్రాల పొట్ట కింద తెల్లటి పొడి కనిపిస్తోంది. పైన పూసిన వార్నిష్ పాతబడి టీ డికాషన్ రంగుకు తిరిగింది. అబ్బాయికి పన్నెండేళ్లు, వేసవి సెలవుల్లో వీటితో టేబుల్ మీద యుద్ధం ఆడాలని ఒకటే ఆరాటం.

ఇక్కడ ఒకాయన అన్నీ రసాయనంలో ముంచి రంగు మొత్తం తీసేసి కొత్తగా వేసుకోమన్నారు. నాకు చేతులు రావడం లేదు. ఇంకొకటి, బాకా ఊదే రౌతు కోటు పసుపు రంగులో ఉంది, మిగతా అందరికీ ముదురు నీలం. పెద్దాయన పొరపాటు పడ్డారేమో, కనీసం దానికి నీలం వేసేద్దామా?

పాతసీసం:
ముందు చివరి ప్రశ్నకు జవాబు. దయచేసి ఆ బాకా రౌతు మీద బ్రష్ పెట్టకండి. పెద్దాయన పొరపాటు పడలేదు. ఫ్రెంచి సైన్యంలో బాకా ఊదేవాళ్లకు రంగులు తిరగేసి ఇచ్చేవారు. రెజిమెంట్‌లో మిగతావాళ్ల కాలర్‌కు ఏ రంగు ఉంటుందో ఆ రంగు వీళ్ల కోటుకు వస్తుంది. పొగలో, గందరగోళంలో ఆజ్ఞ ఇవ్వాల్సిన అధికారికి తన బాకావాడు ఎక్కడున్నాడో వెంటనే కనబడాలి కదా. 1812 నిబంధనలతో వాళ్లకు ఆకుపచ్చ యూనిఫాం వచ్చింది, అంతకు ముందుదైతే మీ పసుపు కోటు సరైనదే. ఆ ఒక్క గుర్రం బూడిద రంగులోనో తెలుపులోనో ఉందా చూడండి. ఉంటే ఆయన పుస్తకాలు చదివి మరీ వేశారన్నమాట, ఎందుకంటే బాకావాళ్లకు అలాంటి గుర్రాలే ఇచ్చేవారు.

ఇక రంగు తీయడం గురించి. నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. మొదట్లో దొరికిన ప్రతి పాత బొమ్మనూ ఒలిచి పారేశాను, వాటిలో కొన్ని ఇప్పటికీ గుర్తొచ్చి బాధేస్తుంది. యాభై ఏళ్ల కిందట ఒక మనిషి రాత్రిళ్లు కూర్చుని వేసిన రంగు మళ్లీ రాదు. ఎనామెల్ గట్టిది, వార్నిష్ కింద చాలావరకు బాగానే ఉండి ఉంటుంది. ముందు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి మెత్తటి టూత్‌బ్రష్‌తో ఒక్క బొమ్మను కడిగి చూడండి.

తెల్లపొడి మాత్రం వేరే సంగతి. అది సీసానికి పట్టిన తెగులు, లెడ్ కార్బొనేట్. ఓక్ చెక్క, ఎండీఎఫ్ (చెక్కపొట్టును నొక్కి చేసే పలక), అట్టపెట్టెలు, పాత కాగితం, వీటి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం అలా అవుతుంది. తగరం ఎక్కువ కలిసిన లోహానికి అంత త్వరగా పట్టదు. అది విషం. పొడిగా గీకొద్దు, ఊదొద్దు. చేతికి గ్లోవ్స్ వేసుకుని, తడిపి, బ్రష్‌తో తీసి, తుడిచిన గుడ్డ పారేయండి. వంటింటి సింక్ వాడొద్దు. ఆ పని జరిగేటప్పుడు అబ్బాయిని దగ్గరికి రానివ్వొద్దు. వెనిగర్‌లో ముంచమని ఎవరైనా చెబితే వినకండి, ఆ తెగులు తెచ్చేదే అలాంటి ఆమ్లం.

బ్రష్_పట్టిన_చెయ్యి:
పాతసీసం గారితో ముప్పాతిక వంతు ఏకీభవిస్తాను. పొడి పట్టిన ఆ రెండు గుర్రాలను మాత్రం పూర్తిగా ఒలవక తప్పదు, లేకపోతే రంగు కింద తెగులు నడుస్తూనే ఉంటుంది. ఎనామెల్‌కు ఎసిటోన్ బాగా పనిచేస్తుంది, కిటికీలు తెరిచి, మంట దగ్గర లేకుండా చూసుకోండి. రంగు వదిలించడానికి కొందరు డెట్టాల్ కూడా వాడతారు, మీరు అది వాడేటట్టయితే ఒక జాగ్రత్త. నానిన బొమ్మను నేరుగా కుళాయి కింద పెడితే రంగంతా జిగురు ముద్దయి అతుక్కుపోతుంది. ముందు డెట్టాల్‌లోనే బ్రష్‌తో రుద్ది రంగు వదిలించాలి, ఆ తర్వాతే సబ్బు నీళ్లు.

కాళ్ల సంగతికి వద్దాం. ఒట్టి జిగురుతో అతికిస్తే మొదటి ఆటలోనే ఊడుతుంది. చేత్తో తిప్పే చిన్న డ్రిల్‌తో రెండు వైపులా అర మిల్లీమీటరు రంధ్రం చేసి, లోపల ఇత్తడి తీగ ముక్క పెట్టి అరాల్డైట్‌తో కలపాలి. సీసం మెత్తగా ఉండి డ్రిల్ ములుకుకు చుట్టుకుంటుంది, నాలుగు తిప్పులకోసారి బయటికి తీసి తుడవండి. కాలు మరీ సన్నగా ఉంటే డెక్క అడుగు నుంచి, బేస్‌తో సహా, పైకి తొలచండి. ఒక రాత్రంతా కదపకుండా వదిలేయండి. సోల్డరింగ్ ఐరన్ జోలికి పోవద్దు, అతుకు పడేలోపు గుర్రం కాలే కరిగిపోతుంది.

కత్తులకు కూడా ఇత్తడి తీగే. సుత్తితో చిన్నగా కొట్టి చదును చేసి, ఆకురాయితో రుద్దండి. క్యురాసియర్ కత్తి నిటారుగా ఉంటుంది, హుస్సార్ (తేలికపాటి రౌతు) కత్తిలా వంపు తిరగదు. కొన మొద్దుగా ఉంచండి, ఆడేది పిల్లవాడు.

ఒలిచిన గుర్రాలకు రంగు వేయడంలోనే ఈ పనిలోని ఆనందమంతా ఉంది. ప్రైమర్ ఆరాక ఎర్రటి గోధుమ రంగు వేయండి. అది పూర్తిగా ఆరాక ట్యూబ్ ఆయిల్ కలర్ బర్న్ట్ అంబర్‌ను, అంటే ముదురు గోధుమ రంగును, గుర్రమంతా పూసి, పది నిమిషాలు ఆగి, స్పాంజి ముక్కతో మెల్లగా తుడిచేయండి. కండరాల మధ్య, జూలులో, కళ్లెం కింద నల్లదనం నిలిచిపోతుంది, ఎత్తులు వెలుగుతాయి. గుర్రం ఊపిరి తీస్తున్నట్టుంటుంది. ఆరడానికి నాలుగైదు రోజులు పడుతుంది, తొందరపడకండి. రౌతు కొద్దీ గుర్రం అంటారు గానీ, ఈ బొమ్మల్లో గుర్రం బాగుంటేనే రౌతు నిలబడతాడు.

డెర్బీ_తెనాలి:
ఇద్దరికీ ధన్యవాదాలు. బాకా రౌతు గుర్రం బూడిద రంగే! సబ్బు నీళ్లలో కడిగితే సగం మురికి దిగింది, కింద నీలం రంగు ఎంత నిండుగా ఉందో. మిగతావాళ్ల కాలర్లు లేత పసుపు. బేస్ కింద పెన్సిల్‌తో 7 అని రాసి ఉంది. దానికి ఏమైనా అర్థం ఉందా?

పాతసీసం:
ఉంది. 7, 8, 9 క్యురాసియర్ రెజిమెంట్లకు లేత పసుపు. మొదటి మూడింటికి ఎరుపు, 10, 11, 12కు గులాబీ. కాబట్టి అది 7వ రెజిమెంటే. 1812 నవంబర్ 28న బెరెజినా నది దగ్గర, రష్యా నుంచి తిరిగివస్తున్న సైన్యం దాటుతుండగా, దుమెర్క్ సేనాని కింద 4, 7, 14 రెజిమెంట్ల క్యురాసియర్లు అడవిలో రష్యన్ పదాతిదళం మీదికి దూసుకెళ్లి దారి కాచారు. అప్పటికి చలికీ ఆకలికీ చచ్చిన గుర్రాలు పోగా మిగిలినవాళ్లు కొద్దిమందే. నెపోలియన్ చివరి యుద్ధం వాటర్లూలోనూ ఈ రెజిమెంట్ ఉంది. మీ అబ్బాయికి ఆడుకోవడానికి రెండు యుద్ధాలు దొరికాయి.

పని అయ్యాక వాటిని మళ్లీ పేపర్లో చుట్టకండి, చెక్క పెట్టెలోనూ పెట్టకండి. బేస్ కింద మాగ్నెట్ షీట్ అతికించి, అడుగున ఇనుప రేకు పరిచిన ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టండి. ఆడాక చేతులు కడుక్కోవడం అలవాటు చేయండి.

డెర్బీ_తెనాలి:
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. 16 బొమ్మలకు పెద్దాయన రంగే ఉంచాం. కడిగి, రాలిన చోట మాత్రం చుక్కలు పెట్టి, పైన మ్యాట్ వార్నిష్ కొట్టాం. పొడి పట్టిన రెండు గుర్రాలను ఒలిచి కొత్తగా వేశాను. మొదటిదాన్ని స్పాంజితో ఎక్కువ తుడిచేసి మళ్లీ పూయాల్సి వచ్చింది, రెండోది బాగా కుదిరింది. కాళ్లు మూడూ నిలబడ్డాయి.

ఆదివారం బాకా రౌతును పట్టుకెళ్లి పెద్దాయనకు చూపించాం. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతాయి, అయినా బొమ్మను తిప్పి బేస్ కింద 7 చూసుకున్నారు. పసుపు కోటును మేం మార్చబోయామని అబ్బాయి చెప్పేస్తే, మార్చనందుకు చాలా సంతోషించారు. అసలు 19 మంది ఉండాలట. గద్ద జెండా (కర్ర కొనన గద్ద బొమ్మ ఉండే రెజిమెంట్ జెండా) పట్టుకునే రౌతు ఎప్పుడో ఒక ఆటలో పోయాడట, ఆ సంగతి చెప్తున్నప్పుడు ఆయన ముఖం చూడాలి.

ఇప్పటి 28 మిల్లీమీటర్ల బొమ్మ పక్కన పెడితే వీళ్లకంటే లావుగా, ఎత్తుగా కనిపిస్తోంది. ఎవరి దగ్గరైనా పాత 25 మిల్లీమీటర్ల జెండా రౌతు, ఎంత విరిగిపోయి ఉన్నా సరే, ఉంటే చెప్పండి. గుర్రం లేకపోయినా పరవాలేదు.