ఎండుమిరపకాయల సల్సాకు పొగ రుచి రావాలంటే ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్కారం. మెక్సికో పద్ధతిలో సల్సా, అంటే అక్కడి టమాటా పచ్చడి చేయాలని గుంటూరు ఎండుమిరపకాయలను పెనం మీద నల్లబడేదాకా వేయించి, టమాటాలతో కలిపి మిక్సీలో తిప్పాను. పొగ రుచి రాలేదు సరికదా, చేదు, మంట తప్ప నోటికి మరేమీ తెలియలేదు. మేము సికింద్రాబాద్‌లో అపార్ట్‌మెంటులో ఉంటున్నందున కట్టెల పొయ్యి పెట్టుకునే వీలు లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
చేదుకు కారణం మిరపకాయలు మాడడమేనండి. తొడిమలు, గింజలు తీసి, సన్నని సెగ మీద ఒక్కో వైపు పది పదిహేను సెకన్లు అదిమిపట్టి, ఘాటు ముక్కుకు తగలగానే తీసేసి, వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టండి. నల్లబడవలసినవి టమాటాలు, ఉల్లిపాయ, పొట్టు తీయని వెల్లుల్లి. మంట తగ్గడానికి మంట తక్కువుండే బ్యాడిగి మిరపకాయలు మూడు వంతులకు ఒక వంతు గుంటూరు కలపండి. బేగంబజారులో రెండూ దొరుకుతాయి.

రెండవ సమాధానం:
పైవారు చెప్పింది సరైనదే, కానీ వేయించినంత మాత్రాన పొగ రుచి రాదు. మెక్సికోలో చిపోట్లే అంటే పండిన హలపేన్యో మిరపకాయలను పొగలోనే ఆరబెట్టినవి. ఆ రుచి కాయలోనే ఉంటుంది. మనకు దగ్గరి దారి దుంగార్, అంటే వంటకానికి బొగ్గు పొగ పట్టించడం. సల్సా మధ్యలో చిన్న స్టీలు గిన్నె ఉంచి, అందులో ఎర్రగా కాలిన బొగ్గు వేసి, నాలుగు చుక్కల నూనె పోసి వెంటనే మూత పెట్టండి. ఐదు నిమిషాలు చాలు, మించితే మసి వాసన వస్తుంది. నెయ్యి మాత్రం వద్దు, ఫ్రిజ్‌లో పేరుకుంటుంది. కిటికీలు తెరిచి ఉంచడం మరవకండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ఆదివారం బ్యాడిగి తెచ్చి ఇలాగే చేస్తాను.