కదలని కంటెయినర్‌కి కార్గో వర్తీ గ్రేడ్ దండగా?

వర్క్‌షాప్_మేన్:
పనిముట్లు, కొంత కలప, బరువైన మోటార్లు దాచుకోవడానికి 20 అడుగుల పాత షిప్పింగ్ కంటెయినర్ ఒకటి తీసుకుందామని చూస్తున్నా. ఒకసారి దించాక మళ్లీ కదిలేది లేదు. ఒకాయన 'విండ్ అండ్ వాటర్ టైట్' అని తక్కువకి ఇస్తానంటున్నాడు, దానికి పక్క గోడ నిండా సొట్టలే. ఇంకొకాయనది 'కార్గో వర్తీ, ఏ గ్రేడ్' అట, రేటు బాగా ఎక్కువ, ఫొటోల్లో కొత్త రంగుతో మెరిసిపోతోంది. ఓడ ఎక్కని పెట్టెకి ఓడ ఎక్కే అర్హత ఎందుకండీ? నేను సొట్టలదే తీసుకుందామనుకుంటున్నా. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

తుప్పు_వేట:
తీసుకోండి. కార్గో వర్తీ అంటే సరుకుతో సహా ఓడ మీదకి పంపడానికి పనికొస్తుందని, విండ్ అండ్ వాటర్ టైట్ అంటే గాలీ వానా లోపలికి రావని. మీకు కావలసింది రెండోదే. ఇక ఆ 'ఏ గ్రేడ్' సంగతి. ఏ, బీ, సీ అక్షరాలకి అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు, ఒకరి దగ్గర ఏ అయినది ఇంకొకరి దగ్గర బీ. చాలామంది రంగూ సొట్టలూ చూసి వేసేస్తారు. నిజంగా కొలతలు రాసిపెట్టి ఉన్నది ఐఐసీఎల్ ప్రమాణం, అంటే కంటెయినర్లు అద్దెకిచ్చే కంపెనీల సంఘం పెట్టుకున్నది. సొట్ట ఎంత లోతు దాకా వదిలేయొచ్చు, ఏది రిపేరు చేసి తీరాలి అని అందులో ఉంటుంది. కాబట్టి 'ఏ' అన్నవాణ్ణి దేని ప్రకారం ఏ అని అడగండి. మాట దాటేస్తే అది రంగుకి వేసిన గ్రేడే.

డిపో_కాపు:
ఇక్కడే నాకు పేచీ. విండ్ అండ్ వాటర్ టైట్ అన్న మాట ఫ్రేము గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. కంటెయినర్‌లో బరువు మోసేది నాలుగు మూలల స్తంభాలు, సైడ్ రెయిల్స్, అడుగున అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్లు. గోడ రేకు మహా అయితే రెండు మిల్లీమీటర్లు, దాని సొట్టలకి భయపడక్కర్లేదు. అదే మూల స్తంభం వంగిందనుకోండి, ఆ పెట్టె నా దృష్టిలో పాత ఇనుము కిందే లెక్క. అడుగున క్రాస్ మెంబర్లు సగం తుప్పు తినేసి ఉన్నా పైనుంచి నీళ్లు రాకపోతే అమ్మేవాడు చెప్పింది అబద్ధం కాదు! వర్క్‌షాప్ గారూ, మీరు మోటార్లు పెడతానంటున్నారు. ఫ్లోర్ అంటే 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దానికి ఆ క్రాస్ మెంబర్లే దిక్కు. ఫోర్క్‌లిఫ్ట్ చక్రం ఎక్కిన రోజు తెలుస్తుంది గ్రేడ్ దండగో కాదో.

తుప్పు_వేట:
క్రాస్ మెంబర్ల మాట నిజమే కాపుగారూ, కానీ దానికి మందు కార్గో వర్తీ అనే మాటని ఎక్కువ పెట్టి కొనడం కాదు కదా. అసలు ఆ మాట అన్నదెవరు, ఎప్పుడు తనిఖీ చేసి అన్నారు? తలుపు మీద సీఎస్‌సీ ప్లేటు, అంటే కంటెయినర్ల భద్రత ఒప్పందం కింద బిగించే రేకు, ఉంటే చాలు కార్గో వర్తీ అని అమ్మేస్తున్నవాళ్లు బోలెడు మంది.

డిపో_కాపు:
ప్లేటు ఉన్నంత మాత్రాన కాదు, దాని మీద తేదీ చూడాలి. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం తయారైన ఐదేళ్లలోపు మొదటి తనిఖీ, ఆ తర్వాత 30 నెలలకి మించకుండా ఒక్కోటి జరగాలి. తేదీ బదులు ఏసీఈపీ అని స్టిక్కర్ ఉంటే, సొంతదారు ఆమోదం పొందిన తన తనిఖీ కార్యక్రమం కింద ఎప్పటికప్పుడు చూసుకుంటున్నాడని అర్థం.

తుప్పు_వేట:
సొంతదారు! నేను పట్టుకునేది కూడా ఆ మాటే. ఏసీఈపీ ఆ కంపెనీ పేరు మీద ఉన్న ఆమోదం, పెట్టె అమ్ముడుపోయాక కొన్నవాడికి అది రాదు. స్టిక్కర్ మాత్రం తలుపు మీద అలాగే ఉండిపోతుంది, దాన్ని చూపించే బేరం ఆడతారు.

వర్క్‌షాప్_మేన్:
ఇప్పుడే ప్లేటు ఫొటో తెప్పించా. మెరిసే పెట్టెకి ఏసీఈపీ స్టిక్కరే ఉంది, తేదీ లేదు. కంటెయినర్లు తనిఖీ చేసే సర్వేయర్ ఇచ్చిన రిపోర్టు ఉందా అంటే 'మాది గ్యారంటీ సార్' అంటున్నాడు. 😀

డిపో_కాపు:
అయితే అది కార్గో వర్తీ కాదు, ఆయన నోటి మాట. నా వాదన రిపోర్టు ఉన్నదాని గురించే. పైగా కొత్త రంగు అంటే నాకు ముందే అనుమానం, పైన పటారం లోన లొటారం చాలా చూశాం. తలుపు కింది గడప దగ్గర, పైకప్పు మూలల్లో చిన్న సుత్తితో కొట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన చోట చప్పుడు మొద్దుగా వచ్చి పెచ్చులు రాలతాయి. ఇది కార్టెన్ స్టీలు, అంటే పై తుప్పు పొరే లోపలి ఇనుముని కాపాడే రకం కాబట్టి పైపైన పట్టిన సన్నటి తుప్పు పొర గురించి టెన్షన్ వద్దు, పొరలుగా ఉబ్బినదే ప్రమాదం.

చెమట_డబ్బా:
గ్రేడ్లన్నీ మోసమే. నేను వాటర్ టైట్ అని కొన్న దాంట్లో అట్టపెట్టెలన్నీ తడిసి బూజు పట్టాయి. అమ్మినవాడేమో కారడం లేదు అని ఒకటే వాదన.

తుప్పు_వేట:
కప్పు అంతా సమానంగా బొట్లు పట్టిందా, ఒకే అతుకు దగ్గర ధార కట్టిందా?

చెమట_డబ్బా:
అంతటా బొట్లే. వాన లేని రోజుల్లో కూడా.

తుప్పు_వేట:
అయితే ఆయన చెప్పింది నిజమే బ్రదర్. పగలు లోపలి గాలి వేడెక్కి తేమ పట్టుకుంటుంది, రాత్రి కప్పు రేకు చల్లబడగానే ఆ తేమ నీళ్లయి కిందకి రాలుతుంది. పెట్టె ఎంత బిగుతుగా ఉంటే ఇది అంత ఎక్కువ. దీన్ని ఏ గ్రేడూ ఆపదు, ఒక్కసారే సరుకు మోసిన కొత్త 'వన్ ట్రిప్' పెట్టె కొన్నా ఇంతే. గాలి ఆడే వెంట్లు పెంచండి, పచ్చి కలప లోపల పెట్టకండి. వర్క్‌షాప్ గారూ, మీ కలప సంగతి కూడా చూసుకోండి. నిజంగా కారుతుందో లేదో తేలాలంటే పట్టపగలు లోపల నిలబడి, బయట ఒక మనిషిని పెట్టి తలుపులు మూయించండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక సూది మొనంత చిల్లు కూడా చుక్కలా వెలుగుతుంది. బయట మనిషి లేకుండా మాత్రం ఈ పని చేయొద్దు, ఆ తలుపులకి లోపల గడియ ఉండదు.

డిపో_కాపు:
తలుపు రబ్బర్లు కూడా అప్పుడే చూసేయాలి. తలుపు బిగుసుకుంటే వెంటనే ఫ్రేము వంకర అనుకోకండి, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా బిగుసుకుంటుంది. సమంగా ఉన్న నేల మీద కూడా కాలితో తన్నాల్సి వస్తే అప్పుడు వదిలేయండి.

వర్క్‌షాప్_మేన్:
సరే, సొట్టల పెట్టె అతన్ని అడిగితే ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తించి అడుగు చూపిస్తానన్నాడు. మెరిసే పెట్టె ఆయన 'ఎత్తడం కుదరదు' అన్నాడు. రేపు సుత్తి పట్టుకుని మొదటిదాని దగ్గరికే వెళ్తున్నా.

డిపో_కాపు:
వెళ్లండి. కానీ తర్వాత ఎప్పుడైనా దీని నెత్తి మీద ఇంకో నిండు పెట్టె ఎక్కిద్దాం అనిపిస్తే మాత్రం సర్వేయర్‌ని పిలవకుండా ఎక్కించకండి, అక్కడ నా మాటే నెగ్గుతుంది.

తుప్పు_వేట:
పేర్చేదుంటే మీదే నెగ్గింది. ఆయన పేర్చడం లేదు కదా!