అప్‌డేట్: రొమెరో 1968 సినిమాకి అసలు ప్రింట్ ఏదో తేలింది

అమెరికన్ దర్శకుడు జార్జ్ రొమెరో తీసిన జాంబీ హారర్ సినిమా 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' ఒక్కో కాపీలో ఒక్కోలా ఎందుకుంది, ఆయన తీసింది ఏదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

2016 నాటి 4కె రిస్టోరేషన్ (పాత ఫిల్మ్‌ని శుభ్రం చేసి, ఎక్కువ స్పష్టతతో డిజిటల్‌గా మార్చిన కాపీ) చూడమన్న సలహాయే పనిచేసింది. అది ఒరిజినల్ నెగెటివ్ (షూటింగ్‌లో కెమెరాలో వాడిన ఫిల్మ్) నుంచి, రొమెరో పర్యవేక్షణలోనే చేశారు. పాత కాపీలో మసకగా ఉన్న సీన్‌లో హీరో బెన్ కిటికీలకు కొట్టే చెక్కలు ఇప్పుడు విడివిడిగా తెలుస్తున్నాయి. దాదాపు 1,14,000 డాలర్ల బడ్జెట్‌తో, అప్పటిదాకా పిట్స్‌బర్గ్‌లో యాడ్ ఫిల్మ్‌లు తీసిన రొమెరో, ఆయన టీమ్ కుర్రాళ్లు ఇంత చక్కటి లైటింగ్ చేశారా అని ఆశ్చర్యమేసింది!

ఇన్ని కాపీలకు కారణం కూడా దొరికింది. రిలీజ్‌కి ముందు డిస్ట్రిబ్యూటర్ సినిమా పేరు మార్చినప్పుడు, పాత టైటిల్ కార్డుతో (తెర మీద సినిమా పేరు చూపించే ఫ్రేమ్) పాటు దాని మీదున్న కాపీరైట్ నోటీసూ పోయింది. అప్పటి అమెరికా చట్టంలో నోటీసు లేకపోతే హక్కు లేనట్టే. దాంతో ఎవరికి వాళ్లు ప్రింట్లు వేసి అమ్ముకున్నారు. తనకు పేరు తెచ్చిన సినిమా మీద రొమెరోకే హక్కు లేకపోవడం నిజంగా అన్యాయం.

ఇక కొత్త సీన్లు కలిపిన కాపీ సంగతి: అది 1999లో వచ్చిన 30వ వార్షికోత్సవ ఎడిషన్. ఆ సీన్లను రొమెరో తీయలేదు. కాపీల మధ్య తేడాకి టీవీ బ్రైట్‌నెస్‌తో గానీ, ఈ సినిమాకి 1990లో వచ్చిన రీమేక్‌తో గానీ సంబంధం లేదు.