చిన్న దొంగతనానికి సమాజ సేవ శిక్ష: చట్టంలో ఇంకా ఏం మారాలి?

ప్రశ్న:
మా వీధి చివర టిఫిన్ సెంటరులో పనిచేసే 19 ఏళ్ల కుర్రవాడు, ఛార్జింగుకు పెట్టిన ఒకరి సెల్‌ఫోను తీసుకుని, మర్నాడే తిరిగి ఇచ్చేశాడు. దాని విలువ మూడున్నర వేలకు మించదు. అయినా వ్యవహారం కోర్టుదాకా వెళ్లేలా ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఇలాంటి వాటికి జైలు బదులు సమాజ సేవ విధిస్తారని విన్నాను. అది మేజిస్ట్రేటు గారి ఇష్టమా, తప్పనిసరా? మిగతా చిన్న నేరాలకూ దీన్ని వర్తింపజేయాలని అడగడం సబబేనా?

మొదటి సమాధానం:
నేను మేజిస్ట్రేటు కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదినండి. సెక్షన్ 303(2) ప్రకారం సొత్తు విలువ ఐదు వేల రూపాయల లోపు ఉండి, ముద్దాయికి అది మొదటి శిక్ష అయి, సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే, సమాజ సేవే శిక్ష. పాత శిక్షాస్మృతిలో విలువతో పని లేకుండా మూడేళ్ల దాకా ఖైదు వేసే వీలుండేది కాబట్టి ఇది మంచి మార్పే. అయితే సమాజ సేవ ఆరు నేరాలకే పరిమితమైంది. పైగా సమాజ సేవ అంటే ఏమిటో, నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 23వ సెక్షన్ ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంది: సమాజానికి మేలు చేసే, జీతం లేని పని. ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో, కూలి పోగొట్టుకోకుండా ఎలా అన్నది అందులో లేదు. ఒకే తప్పుకు ఒక కోర్టు రెండు రోజులు, మరో కోర్టు నెల రోజులు వేస్తే అడ్డేమిటి? ముందు గంటల పరిమితిని చట్టంలోనే రాయాలి.

రెండో సమాధానం:
పోగొట్టుకున్నవారి సంగతి కూడా చూడండి. నేను బజారులో పూలు అమ్ముతాను. నా నాలుగు వేల ఫోను పోయినప్పుడు, ఐదు వేల లోపు దొంగతనాన్ని మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేమని స్టేషనులో చెప్పి పంపేశారు. డబ్బులు వచ్చేదీ, పూల మార్కెట్టుకు ఆర్డరు చెప్పేదీ ఆ ఫోనుతోనే. వారం రోజులు అప్పు తెచ్చి పూలు కొన్నాను. చట్టం దృష్టిలో చిన్నదైన ఆ సొత్తు నా బతుకుతెరువు.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
అమ్మా, మీరు చెప్పినది ముమ్మాటికీ నిజం. శిక్ష తేలిక చేయడం వేరు, దర్యాప్తును తేలిక చేయడం వేరు. ఈ రెండింటినీ ఒకే ఐదు వేల గీతకు ముడిపెట్టడమే పొరపాటు. ఫిర్యాదు నమోదు చేసి సొత్తు వెతకాల్సిన బాధ్యత పోలీసులపై ఉండాలి, శిక్ష మాత్రం సేవగానే ఉండాలి. ఇంకొకటి: న్యాయ సంహిత సెక్షన్ 8 ప్రకారం, జరిమానాతోనో సమాజ సేవతోనో పోయే నేరంలో ఐదు వేల లోపు జరిమానా కట్టలేకపోయినా రెండు నెలల దాకా సాధారణ ఖైదు పడవచ్చు. డబ్బున్నవాడు కట్టి వెళ్లిపోతాడు, లేనివాడు లోపలికి వెళ్తాడు. కట్టలేని జరిమానాను పనిగా మార్చుకునే హక్కు ఉండాలి.

అడిగినవారు:
ధన్యవాదాలండి. ఫోను తిరిగి ఇచ్చినట్లు యజమాని చేత రాయించి, సంతకం పెట్టించి ఉంచుతాము.