గార్డెన్ పనికి మూడు కొటేషన్లు, ఏది నమ్మాలి?

నల్గొండలో ఇంటి ముందు రెండు గుంటల జాగా ఉంది, అంటే 242 గజాలు. లాన్, పూల మొక్కలు, డ్రిప్ కోసం ముగ్గురిని అడిగితే ఒకాయన 95 వేలు, ఇంకొకాయన లక్షా 60 వేలు అన్నారు, మూడో ఆయనైతే చిట్టీ వెనకాల "మొత్తం 70" అని రాసిచ్చి వెళ్ళిపోయాడు. ఇంత తేడా ఎందుకు?

జవాబు: ఆ చిట్టీలో ఎర్రమట్టి ఎన్ని ట్రాక్టర్లో ఉందా? మహబూబ్‌నగర్‌లో నాకు అట్లనే తక్కువకు ఒప్పుకుని, పని సగంలో ఉండగా "మట్టి ఖర్చు మీదే సార్" అన్నాడు. సిమెంటు పెళ్లలు కూడా తియ్యకుండా పైన రెండంగుళాల మట్టి పోసి గడ్డి పరిచాడు, మార్చికే ఎండిపోయింది.

జవాబు: ముగ్గురికీ ఒకే కాగితం ఇవ్వండి అన్నా, లాన్ ఎన్ని అడుగులు, ఏ గడ్డి, మొక్క ఎంత ఎత్తు, అన్నీ రాసి. అప్పుడే పోల్చగలరు. బోరు నీళ్ళు కూడా టెస్ట్ చేయించండి. మన దిక్కు అందరూ ఫ్లోరైడ్ గురించే మాట్లాడతారు గానీ ఉప్పు, సున్నం ఎక్కువుంటే డ్రిప్ రంధ్రాల దగ్గర తెల్లగా పేరుకుని మూసుకుపోతాయి.

అడిగినాయన: 70 ఆయనకు ఫోన్ చేశాను. మట్టి, డ్రిప్ ఫిల్టర్ వేరేనట. కలిపితే లక్షా 10 వేలు!

జవాబు: ఇంకా పాతిన మొక్క చస్తే మార్చిస్తాడో లేదో అడగలేదు మీరు. అది రాసిచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.