బరువు మామూలుగా ఉంటే అనొరెక్సియా కాదా?

పెరుగన్నం:
మా అక్క కూతురు ఇంటర్ సెకండియర్, హాస్టల్. ఎత్తు 160 సెంటీమీటర్లు. జూన్‌లో 71 కిలోలు, దీపావళికి 54. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఎంత నాజూగ్గా అయ్యావే" అన్నవాళ్లే. నేను పక్కన కూర్చుని తిన్నాను కాబట్టి చూశాను. అన్నం కలిపి, కలిపి, కంచం అంచుకు పరుస్తుంది. ముద్దకో గుక్క నీళ్లు. చివరికి సగం సింక్‌లోకే. మూడు నెలలుగా నెలసరి లేదు. డాక్టర్‌కి చూపిస్తే బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 21, పర్ఫెక్ట్ అని థైరాయిడ్ టెస్ట్ రాసి పంపారు. లావవుతానన్న భయంతో తిండి మానేసే అనొరెక్సియా ఏమోనని నా అనుమానం. ఎముకలు తేలితేనే ఆ జబ్బు అంటారా?

కడప కారం:
అక్కా, కోపం తెచ్చుకోవద్దు. లావున్న పిల్ల సన్నబడితే దానికీ జబ్బు పేరేనా? మా అమ్మ శనివారం ఒంటిపూట, కార్తీకమాసమంతా నక్తం. ఆమెనూ పట్టుకెళ్లమంటారా? ఎక్కడో ఒక గీత ఉండాలి. కాటా అబద్ధమాడదు. మనసులో భయాన్ని ఎవరు తూచారు?

రాత్రి డ్యూటీ:
సైకియాట్రీ పీజీని. అన్నా, నక్తం ఉన్న మీ అమ్మగారు చుక్క కనబడగానే హాయిగా భోంచేస్తారు. ఈ జబ్బున్న పిల్లకి ఆ చుక్క కనబడటమే భయం. మేం అడిగేది అదే.

కాటా రెండు వైపులా తప్పుతుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 18.7 శాతం ఆడవాళ్ల బీఎంఐ 18.5 కంటే తక్కువ, అంటే ఉండాల్సిన బరువు లేదు. వాళ్లందరికీ అనొరెక్సియా అంటామా? ఇటు చూస్తే, బులీమియాలో బరువు చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ఒక్కసారిగా అదుపు లేకుండా తినేయడం, తర్వాత కక్కడమో విరేచనాల మాత్రలు మింగడమో. వారానికి ఒకసారైనా, మూడు నెలలు. 1979లో జెరాల్డ్ రసెల్ అనే సైకియాట్రిస్టు దానికి విడిగా పేరు పెట్టేదాకా లెక్కలోకే రాలేదు. కక్కకుండా అతిగా తినే జబ్బుకి సొంత స్థానం దొరికింది 2013లో, డీఎస్ఎం-5తో (అమెరికా సైకియాట్రిస్టుల జబ్బుల నిర్ధారణ పుస్తకం). నెలసరి ఆగితేనే అనొరెక్సియా అనే నిబంధన తీసేసిందీ అప్పుడే.

అక్కా, మీ పాప అయిదు నెలల్లో దాదాపు 24 శాతం బరువు తగ్గింది. మిగతా లక్షణాలు ఉంటే, ఆరు నెలల్లో 20 శాతం మించి తగ్గడాన్ని తక్కువ బరువుకి బదులుగా ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా) ఒప్పుకుంటుంది. డీఎస్ఎం-5 మాత్రం దీన్ని 'ఎటిపికల్ అనొరెక్సియా' అని వేరే అరలో పెట్టింది. నాకా పేరు నచ్చదు. ఇంట్లోవాళ్లు "అసలుది కాదటలే" అనుకుంటారు. గుండెకి మాత్రం ఆ తేడా తెలియదు.

పళ్ల డాక్టర్:
మా దగ్గరికి జివ్వుమంటున్నాయని వస్తారు. కక్కీ కక్కీ పై ముందుపళ్ల వెనకవైపు ఎనామెల్ కరిగి ఉంటుంది, గొంతులో వేలు పెట్టుకునీ పెట్టుకునీ వేలి కణుపుల మీద కాయలు కాసి ఉంటాయి. నిమ్మకాయలు, కూల్‌డ్రింకులతోనూ పళ్లు అరుగుతాయి కాబట్టి అదొక్కటే చూసి తేల్చను. అమ్మను బయట కూర్చోమని ఒక మాట అడుగుతాను. ఇద్దరిలో ఒకరు ఏడుస్తారు, పిల్లో అమ్మో.

కడప కారం:
సరే, కాటా ఒక్కటే చాలదని ఒప్పుకున్నా. కానీ అడిగి తేల్చడమంటే? తిండి జబ్బుల్ని పసిగట్టడానికి 'స్కాఫ్' అని అయిదు ప్రశ్నలున్నాయట, రెండింటికి అవునంటే అనుమానించాలట. దాచాలనుకున్న పిల్ల అయిదింటికీ కాదంటుంది. దాచేదేమీ లేని పిల్లకి ఊరికే ముద్ర పడుతుంది. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఆ ముద్ర మీరొచ్చి చెరుపుతారా?

రాత్రి డ్యూటీ:
స్కాఫ్ జల్లెడే, తీర్పు కాదు. థైరాయిడ్, షుగర్, టీబీ, పేగు జబ్బులు కాదని చూసుకోవాలి, అందుకే ఆ డాక్టర్ గారు రాసిన టెస్టు తప్పు కాదు. అక్కడితో ఆగడం తప్పు. లావవుతానన్న భయమే లేకుండా, మెత్తగా ఉందనో గొంతులో అడ్డుపడుతుందనో తిండి మానేసేవాళ్లూ ఉన్నారు. అది ఏఆర్ఎఫ్ఐడీ అనే ఇంకో తిండి జబ్బు, దారి వేరు. సంబంధాల మాటకి నా దగ్గర జవాబు లేదన్నా. అక్కా, నాడి చూశారా?

పెరుగన్నం:
ఇప్పుడే చూశా. నిమిషానికి 48.

రాత్రి డ్యూటీ:
మెలకువగా ఉండగా 50 కంటే తక్కువంటే ఈ వయసులో అడ్మిషన్ గురించి ఆలోచిస్తాం. చర్చ తర్వాత. ఈ రాత్రికే ఈసీజీ, పొటాషియం, ఫాస్ఫరస్ చూపించండి. భయపడి ఒక్కసారిగా కడుపునిండా పెట్టొద్దు, అదీ ప్రమాదమే.

కడప కారం:
అక్కా, బయల్దేరండి. రిపోర్టులొచ్చాక ఇక్కడ రాయండి.