‘మాగ్నిఫిసెంట్’ అనే ఆంగ్ల విశేషణాన్ని ఎక్కడ, ఎలా వాడాలి?

ప్రశ్న:
నమస్కారం. నేను అనువదిస్తున్న ఒక ఆంగ్ల వ్యాసంలో రచయిత ఒక రాజప్రాసాదాన్నీ, ఒక సంగీత కచేరీనీ, ఒక పర్వతశ్రేణినీ ‘మాగ్నిఫిసెంట్’ అనే ఒకే విశేషణంతో వర్ణించారు. ఈ మూడు చోట్లా ఒకే తెలుగు మాట సరిపోతుందా? ‘బ్యూటిఫుల్’ అనదగిన ప్రతిచోటా దీనిని వాడవచ్చా? దీని ముందు ‘వెరీ’ చేర్చవచ్చా? దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
ఈ పదానికి మూలం లాటిన్‌లో ఉంది. ‘మాగ్నుస్’ అంటే గొప్పది, ‘ఫాకెరే’ అంటే చేయడం. అందువల్ల దీనిలో అందంతో పాటు పరిమాణమో, సంపదో, సాధించిన ఘనతో తప్పక ధ్వనిస్తుంది. గడ్డిపువ్వు ఎంత ముచ్చటగా ఉన్నా దానిని ‘బ్యూటిఫుల్’ అంటారే గాని ‘మాగ్నిఫిసెంట్’ అనరు. కొమ్మకొమ్మా విరబూసిన మహావృక్షాన్ని మాత్రం నిస్సందేహంగా అనవచ్చు. ‘స్ప్లెండిడ్’, ‘రెస్‌ప్లెండెంట్’ అనే మాటలు రెండూ ప్రకాశించడం అనే అర్థం గల మరొక లాటిన్ ధాతువు నుంచి వచ్చాయి కాబట్టి వాటిలో కాంతి ప్రధానం. గ్వాటెమాలా జాతీయ పక్షిని ‘రెస్‌ప్లెండెంట్ క్వెట్జల్’ అనడం దాని ఆకుపచ్చ ఈకల తళతళకు ఎంతో తగిన పేరు. మీ వ్యాసంలో ప్రాసాదానికి ‘వైభవోపేతమైన’, కచేరీకి ‘మహాద్భుతమైన’, పర్వతాలకు ‘మహోన్నతమైన’ అని వేర్వేరుగా రాయడమే నాకు ఉచితంగా తోస్తోంది.

రెండవ సమాధానం:
‘వెరీ’ సంగతి చెబుతాను. గుణాన్ని దాని పై అంచుకు చేర్చి చెప్పే విశేషణం కనుక ‘వెరీ మాగ్నిఫిసెంట్’ అనడం ఆంగ్లంలో అంత సహజంగా వినిపించదు. ‘అబ్సల్యూట్లీ’, ‘ట్రూలీ’ వంటివి దానికి చక్కగా అమరుతాయి. అయితే పోలిక చెప్పేటప్పుడు ‘మోర్’, ‘మోస్ట్’ చేర్చడానికి అభ్యంతరం లేదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలు. అదే వ్యాసంలో ఒక దాతను ‘మ్యూనిఫిసెంట్’ అన్నారు. ఇది కూడా అదే పదమా?

మూడవ సమాధానం:
కాదండీ. అందులో మొదటి భాగం కానుక అనే అర్థమున్న ‘మూనుస్’ నుంచి వచ్చింది కాబట్టి ‘మ్యూనిఫిసెంట్’ అంటే వితరణశీలుడైన, ఉదారమైన అని అర్థం. ‘మాగ్నిఫిసెంట్’ మనుషులకు బిరుదుగానూ వస్తుంది. 1520 నుంచి 1566 వరకు పాలించిన ఉస్మానియా (ఒట్టోమన్ తుర్కీ) సుల్తాను సులేమాన్‌ను ఐరోపావారు ఆయన దర్బారు వైభవాన్ని బట్టి ‘సులేమాన్ ది మాగ్నిఫిసెంట్’ అన్నారు. ఆయన సొంత ప్రజలకు మాత్రం శాసనకర్త అనే అర్థంలో ఆయన ‘కానూనీ’గానే గుర్తున్నాడు. ఒకే మనిషిలో బయటివారు వైభవాన్నీ, లోపలివారు న్యాయాన్నీ చూడడం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. ఫ్లోరెన్స్ పాలకుడు లొరెంజో దె మెదిచీకి (1449–1492) కూడా ఇదే బిరుదు ఉంది గాని, ఆ కాలపు ఇటలీలో ‘మాగ్నిఫికో’ అనేది ప్రముఖులకు వాడే మర్యాదపదం కూడా. ఇటువంటి బిరుదులు మీ వ్యాసంలో ఎదురైతే, వాటిని విశేషణంగా అనువదించకుండా పేరులో భాగంగానే ఉంచి, మొదటిసారి వచ్చినచోట అర్థాన్ని ఒక వాక్యంలో చెప్పడం మేలు.